గంభీర నాదానికి కొత్త బెల్టు

నచ్చిన పాట వినాలంటే ఇంకొకరి ఇంటి తలుపు తట్టక తప్పని రోజులవి. ఇప్పటివాళ్ళు వందల కచేరీలు జేబులో వేసుకుని తిరుగుతూ ఒక్కటీ చివరిదాకా వినరు. అప్పట్లో మా సికిందరాబాదులో మంచి రికార్డు ఎవరింట్లో ఉందో పాట పిచ్చి ఉన్న ప్రతివాడికీ తెలుసు. ఆ ఇంటాయన ముఖం చూడబుద్ధి కాకపోయినా ఆయనతో స్నేహం చేసి తీరాలి. అంతమాత్రాన ఆ కాలమే కాలమని వాపోవడానికి నేను కూర్చోలేదు. పాత రోజుల్ని తలుచుకుని కళ్ళు తుడుచుకునే అలవాటు నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆ రోజుల్లో సంగీతం వినడానికి వెళ్ళి దాంతోపాటు మూటెడు మూఢనమ్మకాలు కూడా ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. నేను మాత్రం తెచ్చుకోనని ఇరవై నాలుగేళ్ళ వయసులో గట్టిగా ప్రతిజ్ఞ పట్టాను. పట్టి, అందరికంటే పెద్ద మూట నెత్తిన పెట్టుకుని ఊరేగాను. ఆ ఊరేగింపు సంగతే ఇది.

పద్మారావు నగర్‌లో, రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయన ఇంటి ముందుగదిలో ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున మా శ్రవణ మండలి కూడేది. ఆయనే అధ్యక్షులు. మా బాబాయి కార్యదర్శి. (నాకు సభ్యత్వం రావడానికి కారణం నా సంగీత జ్ఞానం కాదు, బాబాయే. వారసత్వ హక్కుల మీద మా హేతువాద సభలో నిప్పులు కురిపించిన వారంలోనే ఈ సభ్యత్వం పుచ్చుకున్నాను.) ఒక్కొక్కరూ తమకిష్టమైన రికార్డు ఒకటి గుడ్డలో చుట్టి తేవాలి. అది వేసి విన్న తర్వాత చర్చ. చర్చంటే మాటలు కాదు. భైరవిలో ఫలానా చోట పడిన ధైవతం ఏ ధైవతమనే విషయం మీద మా బాబాయికీ, సైనిక్‌పురి నుంచి మోటారు సైకిలు మీద వచ్చే కెప్టెన్‌గారికీ మూడు నెలలు మాటల్లేవు. ఆ మూడు నెలలూ "మీ బాబాయితో చెప్పు", "ఆ కెప్టెన్‌తో చెప్పు" అంటూ ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని నా ద్వారా పోట్లాడుకున్నారు.

రికార్డులన్నీ అయ్యాక, ఆఖరున, అధ్యక్షులవారు ఉక్కు బీరువా తాళం తీసి స్పూలు టేపు ఒకటి బయటికి తీసేవారు. అది ఎవరో వృద్ధ విద్వాంసుడి తోడి రాగం. గొంతును యంత్రానికి ఇవ్వనని మొండికేసిన మనిషట ఆయన. గ్రామఫోను వాళ్ళు ఎన్నిసార్లు పిలిచినా వెళ్ళలేదట. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో మా అధ్యక్షులవారే ఆయన్ని ఒక పెళ్ళిమండపంలో పాడించి, కాళ్ళావేళ్ళా పడి ఈ ఒక్క టేపూ పట్టారు. లోకంలో ఆయన గొంతుకు ఇంకో ఆనవాలు లేదు. టేపురికార్డరుకు కుంకుమ బొట్టు ఉండేది. వెయ్యబోయే ముందు కర్పూరం వెలిగించి హారతి ఇచ్చేవారు. అందరూ కళ్ళు మూసుకోవాలి. అయిపోయాక కొంతసేపు ఎవరూ నోరు మెదపకూడదు. గోడ మీద అట్ట కట్టిన నియమావళిలో ఇవన్నీ ఉన్నాయి, కింద "చర్చ సభ్యులకు మాత్రమే" అని ఎర్రసిరాతో.

ఆ గొంతు ఏం చెప్పను! నేలమాళిగలోంచి వస్తున్నట్టుండేది. ఒక్కో స్వరం బరువైన రాయిలా దొర్లి, మన గుండెల మీద ఆగి, మళ్ళీ కదిలేది. "ఏడాది ఏడాదికీ ఇంకా లోతు తెలుస్తోంది చూశారా?" అనేవారు అధ్యక్షులవారు. నిజమే, తెలిసేది. నాకూ తెలిసేది. టేపు మొదట్లో అధ్యక్షులవారి ప్రారంభోపన్యాసం కూడా నాలుగు వాక్యాలు ఉండేది. "సభకు నమస్కారం" అని ఆ పెట్టెలోంచి ఒక సింహం పలికేది. బయట ఉన్న మనిషి గొంతేమో, పాపం, పీల. ఆయనకు కోపం వచ్చి అరిస్తే వీధిలో ఎవరో సైకిలు బ్రేకు వేశారనుకునేవాళ్ళం. అదేమిటండీ అని కెప్టెన్‌గారు ఓసారి అడిగితే, "ఆ రోజుల్లో చుట్ట తాగేవాణ్ణి. మానేశాక గొంతు సన్నబడింది" అన్నారు. అందరం నమ్మాం.

నా గొడవ టేపుతో కాదు, అధ్యక్షులవారు దానికి చెప్పే వ్యాఖ్యానంతో. "నలభై ఏళ్ళ మంత్రోపాసన, ఒంటిపూట భోజనం, మూలాధారం నుంచి లేచిన నాదం. మామూలు మనిషి గొంతుకు ఆ గాంభీర్యం వస్తుందా?" అనేవారు. నా ఒళ్ళు మండేది. ఓ ఆదివారం ఆయన ఎదుటే లేచి నిలబడి, "మామూలు మనిషి గొంతే, మామూలు కారణాలే. నిరూపిస్తాను" అన్నాను. "నిరూపించవోయ్ హేతువాదీ" అన్నారాయన. రెండు నెలలు కష్టపడి 'గంభీర నాదానికి భౌతిక కారణాలు' అనే వ్యాసం రాశాను. విద్వాంసుడు బాల్యంలో గోదావరి ఈదడం వల్ల రొమ్ము విశాలమవడం, స్వరతంత్రుల పొడవు, నోటి లోపలి గది ఆకారం, అన్నీ అందులో ఉన్నాయి. (ఆయన గోదావరి ఈదినట్టు నాకెవరూ చెప్పలేదు. గోదావరి ఒడ్డు మనిషి ఈదకుండా ఉంటాడా అని నేనే తీర్మానించాను.) పొగాకు వల్ల గొంతు బరువెక్కడానికి దృష్టాంతంగా అధ్యక్షులవారినే చూపించాను. గొంతు బొమ్మ గీసి గోడకు తగిలించి అరగంట చదివాను. మా హేతువాద సభ మాసపత్రిక దాన్ని మొదటి పేజీలో అచ్చువేసింది. ఆ సంచిక మా బంధువుల్లో చదవగలిగిన ప్రతివారికీ, చదవలేని ఇద్దరికీ పోస్టులో పంపాను.

ఇక ఆ ఇంటి వసారాలో ఒక మనిషి ఉండేవాడు. ముందుగది కిటికీ అవతల స్టూలు మీద కూర్చునేవాడు. అందరం రేడియో మామ అనేవాళ్ళం. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టు పక్క సందులో రేడియోలు బాగుచేసే దుకాణం. పాట మధ్యలో యంత్రం మొరాయిస్తే చూడటానికని ఆదివారం ఆయన్ని పిలిపించేవారు. మొరాయించకపోతే ఆయన పని కిటికీ అవతల కూర్చోవడమే. కాఫీ కూడా వసారాకే వచ్చేది. తురకాయన అనీ, మెకానిక్కనీ ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన పని లేకుండా నియమావళి చూసుకుంది. ఆ మనిషి దగ్గర మా మండలి మొత్తానికి లేనన్ని గ్రామఫోను ప్లేట్లు ఉండేవి. పాత సామాన్ల దుకాణాల్లో ఏరి తెచ్చి, ఒక్కోదాన్నీ సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, ఉల్లిపాయల బస్తాల వాసన మధ్య బీడీ కట్టల అట్టపెట్టెల్లో దాచుకున్నాడు. ఆఫీసు అయ్యాక తరచూ వెళ్ళి కూర్చునేవాణ్ణి. భైరవి ప్లేటు పెట్టి, సరిగ్గా ఒక చోట ముల్లు ఎత్తి, మళ్ళీ వెనక్కి దించి, "ఈడ ఇను తమ్మీ. ఈడ జారుతడు, గాని పడడు. మల్ల ఇను" అనేవాడు. మా బాబాయీ కెప్టెన్‌గారూ మూడు నెలలు తేల్చలేకపోయిన ధైవతాన్ని ఆయన పూరీ తింటూ తేల్చేశాడు. ఇద్దరూ తప్పట.

వ్యాసం చదివిన రోజు వీధి గుమ్మం దగ్గర నన్ను ఆపాడు. "మంచిగ చెప్పినవ్ తమ్మీ. గాని ఆ టేపు జెర మెల్లగ నడుస్తున్నట్టున్నది. బొమ్మలు గీసుడు కంటె ముందు మిషన్ ఇప్పి చూడాలె."

నేను నవ్వాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ కలం ఆగుతోంది, అయినా రాస్తాను: ఆయన భుజం తట్టి నవ్వాను. "మామా, దాన్ని విలంబకాలం అంటారు. నిదానంగా పాడటం అన్నమాట. అది మెషీను సంగతి కాదు" అన్నాను. భైరవి నాకు నేర్పిన మనిషికి! ఆయన "అట్లనా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

అయినా ఆయన వసారాలో కూర్చోవడం నాకు గిట్టదు. తర్వాతి నెల, మామను సభ్యుడిగా చేర్చుకోవాలని తీర్మానం పెట్టాను. కెప్టెన్‌గారు బలపరిచారు (బాబాయి వద్దంటారని). అధ్యక్షులవారు ముఖం చిట్లించి, "సభ్యుడంటే నాదజ్ఞానం ఉండాలి. స్క్రూలు బిగించడం వేరు, రాగం వినడం వేరు. వచ్చే నెల చూద్దాం" అన్నారు. ఆ మాట అని, టేపు వెయ్యబోయారు. హారతి అయింది. మీట నొక్కారు. చక్రాలు తిరగలేదు. పెట్టెలో ఏదో పుటుక్కుమంది.

మర్నాడు నేనే ఆ రికార్డరును రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని బోయిన్‌పల్లి తీసుకెళ్ళాను. స్పూలు మాత్రం ఇవ్వలేదు; అది ఇల్లు దాటకూడదు. మామ మూత విప్పాడు. లోపల రబ్బరు బెల్టు తెగి, ఉతికి ఉతికి వదులైపోయిన లంగా నాడాలా వేలాడుతోంది. "ఎన్నేండ్ల సంది గిట్ల సాగిందో చూడు. యేటా జెర జెర లూజైతది, చక్రం జెర జెర మెల్లగైతది" అన్నాడు. బ్రష్షుతో లోపల దులిపితే కాగితం మీద ఎర్రగా కుప్పపడింది. "ఏందీ, ఇంత కుంకుమనా! మోటర్‌కు సుత బొట్టు పెట్టిన్రు." కొత్త బెల్టు వేశాడు. విలంబకాలం ప్రస్తావన ఆయనా తేలేదు, నేనూ తేలేదు. యేటా వదులైందన్న మాట చెవిలో పడింది కానీ లోపలికి దిగలేదు. అచ్చయిన వ్యాసం అడ్డం ఉంది మరి.

మళ్ళీ నెల మొదటి ఆదివారం వచ్చింది. మామ మామూలుగా కిటికీ అవతల స్టూలు మీద కూర్చున్నాడు. హారతి అయింది. కళ్ళు మూసుకున్నాం. మీట నొక్కిన చప్పుడు.

"సభకు నమస్కారం."

ఉలిక్కిపడి కళ్ళు తెరిచి అందరం అధ్యక్షులవారి వైపు చూశాం. ఆయన పెదాలు కదలడం లేదు. మాట్లాడుతున్నది పెట్టె. సైకిలు బ్రేకు గొంతుతో, తడబడకుండా, మిగతా మూడు వాక్యాలూ చెప్పింది. ఆ వెనకే తోడి మొదలైంది. నేలమాళిగలో ఋషి లేడు. ఆయన ఉండాల్సిన చోట, కడుపునిండా తిని, తమలపాకులు వేసుకుని, మంచి హుషారులో ఉన్న గృహస్థు ఒకాయన కూర్చుని గలగలా పాడుతున్నాడు!

"ఆపండి!" అని అధ్యక్షులవారు లేచారు. కిటికీ వైపు తిరిగారు. "ఏం చేశావయ్యా? ఉన్న ఒక్క టేపూ నాశనం చేశావు కదయ్యా!"

మామ స్టూలు మీంచి లేచాడు. "నేనేం ఖరాబ్ చెయ్యలే సార్. టేపును ముట్టనే లేదు. ఇన్నేండ్లు మిషన్ మెల్లగ నడిచింది. గిప్పుడు సక్కగ నడుస్తుంది."

"మెల్లగా నడిచిందా! ఆ గాంభీర్యం బెల్టులోంచి వచ్చిందా? నీకేం తెలుసు గాంభీర్యమంటే?"

"నిన్నుగదరా అనాలి. సభ్యుణ్ణి చేస్తానని బయల్దేరావు" అని బాబాయి నా వైపు ఉరిమి చూశాడు. "ఇకమీదట ఆ మనిషి ఈ గడప ఎక్కడానికి వీల్లేదు" అని ఆయనే తేల్చేశాడు.

అప్పుడు అధ్యక్షులవారు నా మీదికి తిరిగారు. "నువ్వే చెప్పవోయ్ హేతువాదీ. కారణం దగ్గర మనకు పేచీ ఉంది కానీ గాంభీర్యం ఉందా లేదా అన్నదాంట్లో లేదు కదా? అచ్చువేయించావు కూడాను. చెప్పు. ఆ గొంతు నిజమా, కాదా?"

జీవితంలో మొదటిసారి ఆయనా నేనూ ఒకే పక్షం. ఆ సుఖం ఎంత ప్రమాదకరమైందో అప్పుడు తెలిసింది. నిజమని ఒక్క మాట అంటే నా వ్యాసం బతుకుతుంది, గోదావరి బతుకుతుంది, పోస్టులో వెళ్ళిన సంచికలన్నీ బతుకుతాయి. పోయేదల్లా వసారాలో ఒక స్టూలు. దాచను: కరెంటు ఓల్టేజీ ఎక్కువైందేమో అందామని నాలుక చివరిదాకా వచ్చింది. మూఢుల్ని నలభైసార్లు నిలదీసిన మనిషిని, నాకు నేను ఓల్టేజీ తాయెత్తు కట్టుకోబోయాను. కిటికీ ఊచల వెనక మామ నన్నే చూస్తున్నాడు. "తమ్మీకి నేను ముందుగాల్నే చెప్పిన" అని ఒక్క మాట అనవచ్చు. అనలేదు. అని ఉంటే నేను ఎదురుతిరిగేవాణ్ణేమో. అనకపోవడం వల్ల చెంపలు వాచాయి.

"గొంతు నిజం కాదండీ" అన్నాను. "లేనిదానికి మీరు మంత్రం చెప్పారు, నేను శాస్త్రం చెప్పాను. మీకంటే నాదే పెద్ద తప్పు. మీరు బొమ్మ గీయలేదు. ఈ సంగతి మామ నాకు రెండు నెలల కిందటే చెప్పాడు. నేను నవ్వాను. ఆయన్ని గడప ఎక్కనివ్వకపోతే నేనూ ఎక్కను."

"రుజువేదీ?" అని అధ్యక్షులవారి గొంతు ఇంకా సన్నబడింది. "వాడి మాట, నీ మాట తప్ప రుజువేదీ?"

సమాధానం వంటింటి గుమ్మంలోంచి వచ్చింది. ఆయన భార్య, మేమంతా పిన్నిగారనేవాళ్ళం, కాఫీ గ్లాసుల పళ్ళెంతో నిలబడి ఉన్నారు. "రుజువు కావాలా? ఆ డబ్బాలోంచి ఇన్నాళ్ళకు మీ గొంతు వచ్చింది. ఇన్నేళ్ళూ అందులో 'సభకు నమస్కారం' అంటున్నది ఏ మగాడో అని నేను ఆశ్చర్యపోతూనే ఉన్నాను."

"నీకు తెలీదు. అప్పట్లో నేను చుట్ట..."

"పెళ్ళిచూపులకు వచ్చిన రోజు మీ జేబులో చుట్టలున్నాయి. 'పాడటం వచ్చా?' అని అడిగారు. ఈ గొంతుతోనే అడిగారు. నేను తలుపు వెనక నవ్వాపుకోలేక మా అక్క చేతిలో తొడపాశం తిన్నాను. చుట్ట మానితే దగ్గు పోయింది, గొంతు అదే."

కెప్టెన్‌గారు రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. అధ్యక్షులవారు మాత్రం, "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నారు.

పిన్నిగారు గోడ మీద అట్ట వైపు గడ్డం ఎగరేశారు. "అదుగో, ఎర్రసిరాతో రాశారుగా."

ఆ ఇంట్లో నిజం తెలిసిన ఇద్దరిలో ఒకరిని వసారాలో, ఒకరిని వంటింట్లో కూర్చోబెట్టి, ముందుగదిలో మేం పెద్దమనుషులం కళ్ళు మూసుకుని గాంభీర్యాన్ని ఆస్వాదించాం. దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ఉన్నా రాయను, రాస్తే బొమ్మ కూడా గీయాలనిపిస్తుంది.

అధ్యక్షులవారు తన కుర్చీలో కూర్చున్నారు. చాలాసేపు కుంకుమ బొట్టు వైపు చూశారు. ఆఖరికి, "మొదటినుంచి వెయ్యి" అన్నారు. ఎవరితో అన్నారో మాకు అర్థం కాలేదు. "కిటికీలోంచి చెయ్యి పెట్టి ఎలా వేస్తావయ్యా? లోపలికి రా" అన్నారు, విసుగ్గా. మామ చేతులు తుడుచుకుని లోపలికి వచ్చాడు. స్పూలు వెనక్కి తిప్పాడు. పిన్నిగారు పళ్ళెం బల్ల మీద పెట్టి అక్కడే కూర్చున్నారు. ఈసారి ఎవరూ కళ్ళు మూసుకోలేదు. తోడి నడుస్తుండగా ఒక చోట మామ వేలెత్తి, "ఇనుండ్రి సార్. మునుపు గాంధారం మీద ముసలాయన వణికినట్టుండె. గిప్పుడు చూడుండ్రి, ఉయ్యాల ఊగుతుండు" అన్నాడు. నోరు మెదపకూడదన్న నియమం గోడ మీద ఉండగానే అధ్యక్షులవారు "ఔను" అన్నారు. తర్వాతి నెల నుంచి స్టూలు లోపలే ఉంది. సభ్యత్వ తీర్మానం మాత్రం ఎప్పుడూ పాస్ కాలేదు. ఎవరికీ మళ్ళీ గుర్తు రాలేదు. అధ్యక్షులవారు తన ఓటమి ఒప్పుకున్నారని అనుకోకండి. "గాంభీర్యం ఎక్కడికీ పోలేదు, సూక్ష్మరూపం దాల్చింది" అని కొత్త వ్యాఖ్యానం షురూ చేశారు. పోట్లాడాను. చివరిదాకా పోట్లాడుతూనే ఉన్నాను.

నా వ్యాసం తప్పని సవరణ రాసి పత్రికకు పంపితే మావాళ్ళే వెయ్యనన్నారు. "అవతలివాళ్ళ చేతికి కర్ర ఇస్తావా? మన పరువేం కావాలి?" అన్నాడు సంపాదకుడు. వాళ్ళ పీఠాలకు పరువు ఉన్నట్టు మనకూ ఒక పరువు పీఠం ఉందా అని అడిగాను. మొదటి పేజీలో వేసిన అబద్ధానికి మొదటి పేజీలోనే సవరణ వెయ్యకపోతే సభకు రానన్నాను. వేశారు, కానీ ఆఖరి పేజీలో, జుట్టుకు రాసే నూనె ప్రకటన కింద. ఆ సంచిక కూడా బంధువులందరికీ పంపాను. చదవలేని ఆ ఇద్దరే బాగుందని జవాబు రాయించారు. సవరణ అచ్చయిన సాయంత్రమే బోయిన్‌పల్లి వెళ్ళి, విలంబకాలం గురించి మామకు క్షమాపణ చెప్పాను. ఆయన టంకం పెడుతూ తలెత్తకుండానే, "జానేదో, పోనియ్ తమ్మీ. నువ్వు సుత వాళ్ళతోని కళ్ళు మూసుకునే ఇన్నవు గద" అన్నాడు. ఎన్నో సభల్లో ఎందరో నన్ను తిట్టారు. ఇంత మర్యాదగా ఎవరూ తిట్టలేదు.

ఈమధ్య కెప్టెన్‌గారి కూతురు ఆ టేపును ఫోనులో వినేలా చేసి పంపింది. సరైన వేగంలో, శుభ్రంగా. మామా లేడు, అధ్యక్షులవారూ లేరు. ఆ పీల గొంతు మాత్రం "సభకు నమస్కారం" అంటుంది. మొన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు చూస్తే, ఆ ఫోనులో వేగం తగ్గించే గీత ఒకటి కనిపించింది. వేలితో కొద్దిగా వెనక్కి జరిపాను. ఇంకొంచెం జరిపాను. నేలమాళిగ తలుపు తెరుచుకుంది, ఋషి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఇందులో హేతువుకు విరుద్ధమైంది ఏమీ లేదు. కారణం నాకు పూర్తిగా తెలుసు, ఎవరు వచ్చినా వాదిస్తాను. కళ్ళు కూడా మూసుకోలేదు. మరీ గాంధారం దగ్గర మాత్రం, ఒక్క క్షణం.